పెరటిచెట్లును గొలుసు రంపమును

గొడ్డలియు, ఇద్దరు లాగెడు రంపమును చేయుచుండిన పనిని నేడు మన గ్రామములలో గొలుసు రంపము చేయుచున్నది. దీనిని కొందరు చైన్‌సా యనియు, పెక్కుమంది చెట్లు కోయు మిషననియు పిలుచుచున్నారు. ఇంటిమీదికి ఒరిగిన వేపను, పశువులశాలకు ఆనుకొని పెరిగిన చింతను, చేనిగట్టున ఎండిన తుమ్మను తీయించుటకు పూర్వము ఇద్దరు కూలీలకు దినమంతయు పట్టెడిది. ఇప్పుడు గంటలో ముగియుచున్నది. ఈ లాభమును మేము తక్కువచేసి చెప్పము. కాని గొడ్డలితో కొట్టువానికి చెట్టును చూచుటకు వలసినంత వ్యవధి యుండెడిది. వేటునకు వేటునకు నడుమ అతడు ఆగును, చెమట తుడుచుకొనును, తల యెత్తి చూచును. మాను బోలుగా నున్నయెడల వేటు మ్రోతయే చెప్పును. యంత్రము ఆ వ్యవధిని తీసివేసినది. కావున గొడ్డలివాడు దినమంతయు కొంచెము కొంచెముగా చేయుచుండిన విచారణను, రంపము పట్టువాడు తీగ లాగి యంత్రము నడుపకముందే చేసి ముగింపవలెను. ఈ మాట చెప్పుటకే యీ వ్యాసము.

ఈ రంపము పుట్టుక తెలిసికొనదగినది. జర్మనీ దేశమున ఆండ్రియాస్ స్టీల్ అను యంత్రకారుడు 1926లో విద్యుత్తుతో నడచు గొలుసు రంపమును, 1929లో పెట్రోలుతో నడచుదానిని తయారుచేసెను. అవి ఇద్దరు మనుష్యులు పట్టవలసినంత బరువుగలవి. గొలుసు పండ్లును చేతిరంపపు పండ్లవలెనే కలపను గీరుచుండుటచేత మాటిమాటికి పదును పోయెడిది. 1946లో అమెరికా దేశపు ఆరెగాన్ రాష్ట్రమున జోసెఫ్ కాక్స్ అను కట్టెకోతగాడు, మోడును తొలుచుచున్న ఒక పెంకుపురుగు పిల్లను చూచెను. అది తన దవడలతో ఒకమారు కుడికి, ఒకమారు ఎడమకు కొరుకుచు, నారవాటమనియు అడ్డమనియు భేదము లేక కలపను దొలుచుచుండెను. దానిని చూచి ఆయన కుడి ఎడమలకు మార్చి మార్చి వంగిన పండ్లుగల గొలుసును కల్పించెను. నేటి గొలుసులు చాలవరకు ఆ పోలికవే. కొమ్ముపురుగును, కాండము తొలుచు పురుగును నిత్యము తిట్టుకొను మనకు, ఆ జాతిలో నొకటి ఇట్లు పనికివచ్చెనని వినుట వింతగానే యుండును.

నేటి రంపము అయిదారు కిలోల బరువుండును. గొలుసు పట్టె చుట్టును సెకనుకు సుమారు 20 మీటర్ల వేగమున, అనగా గంటకు 70 కిలోమీటర్లకు పైగా పరుగెత్తును. దీనివలన కలుగు ప్రమాదములలో ముఖ్యమైనది ఎదురుతన్ను. పట్టె కొనయందలి పై భాగము కొమ్మకో, ప్రక్కనున్న మొద్దుకో తగిలెనా, పండ్లు కోయక కరచుకొనును. వెంటనే పట్టె పైకెగిరి పట్టుకొన్నవాని మెడవైపునకు, ముఖమువైపునకు వచ్చును. ఇది కన్ను మూసి తెరచునంతలో జరుగును గనుక తప్పుకొందుమనుకొనుట వట్టిమాట. రంపమును రెండు చేతులతో, ఎడమచేతి బొటనవ్రేలు ముందుపిడి క్రిందికి చుట్టివచ్చునట్లు పట్టవలెను. భుజముకంటె ఎత్తున కోయరాదు. నిచ్చెన మీద నిలిచి కోయరాదు. ముందుపిడి యెదుటనున్న రక్షణపట్టిని త్రోసినయెడల గొలుసు ఆగును. అది సరిగా పనిచేయుచున్నదో లేదో ప్రతిదినము పనికి ముందు చూడవలెను.

మన కూలీలు లుంగీ యెగకట్టి, తలకు తువాలు చుట్టి, రబ్బరు చెప్పులతో ఈ యంత్రమును పట్టుట మేము పలుచోట్ల చూచితిమి. లుంగీ కొంగు గొలుసులో చిక్కుటకు ఎంతసేపు పట్టును? గొలుసు తగిలినంతనే దానిలో చిక్కుకొని నిలిపివేయు నారపొరలుగల లాగులు అమ్మకమునకు కలవు. అవి ఉక్కగా నుండునని మనవారు తొడుగరు. ఉక్కయే కాని, తొడ కోసికొన్నచో నెత్తురు ఆపి ఆసుపత్రికి చేర్చులోపల ఏమగునో ఆలోచింపవలెను. దానితోపాటు గట్టి బూట్లు, తలకు టోపి, కన్నులకు అద్దము, చెవులకు మూతలు కావలెను. ఈ యంత్రము మ్రోత నూరు డెసిబెళ్లకు మించును. పదేండ్లు చెవిమూత లేక పనిచేసినవానికి పిలిచిన పిలుపు వినబడదు.

ఇక చెట్టు సంగతి. మొదట దూరమున నిలిచి చుట్టును తిరిగి చూడవలెను. మాను ఎటు వాలియున్నది, కొమ్మల బరువు ఏ ప్రక్కకు ఎక్కువ, గాలి యెటు వీచుచున్నది, మొదట పుట్టగొడుగులు కాని తొఱ్ఱలు కాని యున్నవా, తేనెపట్టు కలదా యని చూడవలెను. ఇంటిచెట్లకు మఱియొక చిక్కు కలదు. తాతలనాడు పశువులను కట్టుటకు కొట్టిన ఇనుపమేకులు, బట్టలారవేయు తీగలు బెరడు క్రింద మునిగి కనబడకుండును. గొలుసు వానికి తగిలిన పండ్లు విరిగి యెగురును. ఇంటి పెద్దలను అడిగినచో మేకెక్కడనున్నదో చెప్పుదురు. ఈ పనిలో ముసలమ్మగారి జ్ఞాపకము యంత్రముకంటె విలువైనది. విద్యుత్తు తీగలు చెట్టు పడుచోటికి చేరువనున్నయెడల లైనుమానుకు చెప్పి ప్రవాహము ఆపించువరకు పని మొదలుపెట్టరాదు. పచ్చికొమ్మ తీగపై బడిన, ఆ కొమ్మను ముట్టినవానికిని, మానును పట్టుకొన్నవానికిని ప్రాణభయమే.

కోయువాడుగాక తక్కినవారందఱును చెట్టు పొడవునకు రెండింతల దూరమున నుండవలెను. పిల్లలు, పశువులు, కట్టెపుల్లలకు వచ్చిన స్త్రీలు మొదట దూరముగా పోవలెను. ఈ భయము గొడ్డలికాలముననే కలదు. కట్టెలు నరుకుచుండగా గొడ్డలి పిడినుండి ఊడి పొరుగువాడు చచ్చిన సందర్భమునకు ద్వితీయోపదేశకాండమున ప్రత్యేకముగా విధి చేయవలసివచ్చినది. కోయువాడును తాను తప్పుకొను త్రోవను ముందే శుభ్రపఱచుకొనవలెను. అది చెట్టు పడు దిక్కునకు వెనుకకు, ఏటవాలుగా ఒక ప్రక్కకు నుండవలెను. సరిగా వెనుకకు పోరాదు. పడునపుడు మాను మొదలు వెనుకకు తన్నుట కలదు.

నడుము 50 సెంటీమీటర్ల అడ్డకొలత గల వేపను తీసికొందము. పడవలసిన వైపున 10 మొదలు 12 సెంటీమీటర్ల లోతున, తెరచిన నోటివలె ముందుగాటు పెట్టవలెను. తరువాత వెనుకనుండి, ఆ గాటు అడుగుకంటె మూడు నాలుగు సెంటీమీటర్లు ఎత్తున, అడ్డముగా కోసికొని రావలెను. కాని రెండు కోతలను కలుపరాదు. నడుమ 5 సెంటీమీటర్ల మందము విడువవలెను. ఈ విడిచిన కలపయే తలుపునకు బందువంటిది. చెట్టు ఈ బందుమీద తిరిగి, మనము చూపిన దిక్కునకు మెల్లగా వ్రాలును. బందును కోసివేసినయెడల చెట్టు తనకు తోచినవైపునకు పోవును. చాలమంది చేయు తప్పు ఇదియే. యంత్రము సుళువుగా దిగుచున్నది గదాయని చేయి ఆపకపోవుదురు. కోతలో పట్టె చిక్కుకొనకుండ కొయ్య చీలనో ప్లాస్టిక్కు చీలనో వెనుకనుండి దిగగొట్టవలెను. ఇనుపచీల గొలుసునకు తగిలిన చేటు. బాగుగా వాలియున్న చెట్టు, వెనుక కోత సగములో నుండగనే నిలువున చీలి, చీలిక పైకి లేచి కోయువాని గడ్డమునకు కొట్టగలదు. అట్టి చెట్టును నేర్పరికి విడువవలెను.

కొబ్బరియు తాడియు వేఱు. వీనిలో వెలుపలి భాగము గట్టి, లోపలిది మెత్తన. పీచు ఊడివచ్చి గొలుసుచక్రము కడ పేరుకొనును, పండ్ల పదునును త్వరగా పోవును. ఇంటిప్రక్క కొబ్బరిని మొదట కోసి పడవేయుట కంటె పైనుండి తలను, పిదప ముక్కలు ముక్కలుగా మానును మోకుతో దించుట మేలు. అందుకు ఎక్కువాడు నడుమునకు త్రాడు కట్టుకొని, పైన చేతిరంపమును వాడుటయే మా సలహా. ఒక చేత చెట్టును, ఒక చేత నడచుచున్న యంత్రమును పట్టుకొని కోయువారిని మెచ్చుకొనుట మానవలెను.

తుపానుల తరువాతి పని యన్నిటికంటె గడ్డుది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్టణము కడను, 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళము జిల్లా పలాస ప్రాంతమునను తీరము దాటినపుడు కూలిన చెట్లకు లెక్కలేదు. ఉద్దానములో ముప్పది నలువది యేండ్లు పెంచిన కొబ్బరి, జీడిమామిడి, పనస ఒక్కరాత్రిలో నేలకొరిగెను. దారులు తెరచుటకు ఈ రంపములే పనికివచ్చినవి. కాని కూలిన చెట్టు చచ్చిన చెట్టు కాదు. అది వంచిన విల్లువంటిది. రెండు చివరల ఆనుకొని నడుమ వ్రేలాడు మానునకు పైభాగము నొక్కుకొనియు క్రిందిభాగము లాగుకొనియు నుండును. దానిని మొదట పైనుండి మూడవవంతు కోసి, పిదప క్రిందినుండి పైకి కోయవలెను. ఒక చివర మాత్రమే ఆనుకొన్నదానికి ఇది తలక్రిందు. మొదట క్రిందినుండి, పిదప పైనుండి. ఎల్లప్పుడును నొక్కుడువైపు ముందు, లాగుడువైపు వెనుక. ఎటు ఏది యున్నదో తెలియనపుడు కోయకుండుటే తెలివి.

వేళ్లతో పెల్లగిలిన చెట్టున ఇంకొకటి కలదు. ఉద్దానపు తోటయొకదానిలో పెద్ద పనస వేళ్లమట్టితో నిలువుగా లేచి పడియుండెను. దాని వెనుక గోతిలో నీడకు ఒక లేగదూడ చేరెను. ఈవల కూలివాడు మానును కోసినంతనే, బరువు తీరిన వేళ్లమొద్దు మట్టితోసహా యథాస్థానమునకు చప్పున కూర్చుండెను. దూడను త్రవ్వి తీయువరకు మిగులలేదు. ఆ గోతిలో అంతకు ముందు గంటసేపు ఆ యింటి పిల్లలిద్దరు ఆడుకొనుచుండిరి. వేళ్లమొద్దును మోకుతోనో ఆనుకొయ్యతోనో బిగించి, గోతిలో ఎవరును లేరని చూచిన పిదపనే కోయవలెను.

కోసిన మానులను తోటలో కుళ్లనీయుట కూడదు. కుళ్లిన కొబ్బరిమొద్దులలోను, పేడదిబ్బలలోను కొమ్ముపురుగు గ్రుడ్లు పెట్టును. నిలిచిన నాలుగుచెట్లను ఆ పిదప అదియే తినును. మొద్దులను ముక్కలుచేసి వాడుకొనవలెను, లేదా తరలింపవలెను. అది సాధ్యముకానిచోట మెటారైజియం అను శిలీంధ్రపు మందును పురుగు పెరుగుచోట్ల వేయవచ్చును. సర్కారు తుమ్మను మాత్రము రంపముతో నిర్మూలింతుమనుకొనరాదు. నేలబారుగా కోసిన నాలుగింతలు చిగుర్చును. దానిని వేరుతోనే త్రవ్వవలెను. నీలగిరి, సుబాబులు రైతులకు ఈ చిగురే కావలెను గనుక, బెరడు చీలకుండ మొదలు నున్నగా కోయించుకొనుటకు గొలుసు రంపము గొడ్డలికంటె మంచిది.

పదును తగ్గిన గొలుసుచేత కలప పెళుసులుగా రాక పొడిగా రాలును. అప్పుడు కోయువాడు యంత్రమును నొక్కును, అలసిపోవును, ప్రమాదమును తెచ్చుకొనును. గొలుసునకు సరిపోవు గుండ్రని ఆకురాయి జేబులో నుండవలెను. పెట్రోలులో కలుపు నూనె పాలు యంత్రముతో వచ్చిన పుస్తకములో నున్నట్లే కలుపవలెను. 50కి 1 అన్నచో లీటరుకు 20 మిల్లీలీటర్లు. వేడిగానున్న యంత్రములో పెట్రోలు పోయరాదు.

పట్టాభూమిలోని చెట్టయినను, 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ననుసరించి నరుకుటకు అనుమతి కావలసియుండును. కొన్ని జాతులకు మినహాయింపు కలదు. అటవీశాఖవారిని ముందుగా అడిగి వ్రాతమూలకముగా తీసికొనుట మేలు. కోసిన పిదప బండి ఆపించుకొని బ్రతిమాలుట కష్టము.

చివరగా మన సంఘముల మాట. ఏడాదికి రెండు మూడు చెట్లు తీయు రైతు సొంతముగా రంపము కొనుట అనవసరపు వ్యయము. బాడుగకు వచ్చువాడు చెట్టుకింతయని గుత్త పుచ్చుకొనును. గుత్తపనివాడు తొందరపడక మానడు. ఇంటిప్రక్క చెట్టునకు గుత్త మాటాడుట మాకు సమ్మతము కాదు, దినకూలియే ఈయవలెను. ప్రతి సహకార సంఘమును ఒక మంచి రంపమును, దానితోపాటు లాగు, టోపి, అద్దము, చెవిమూత, బూట్లు, రెండు చీలలు, నూరడుగుల మోకు, నెత్తురాపు కట్లపెట్టె కొని యుంచవచ్చును. రక్షణసామగ్రి లేకుండ రంపమును బయటికి ఈయరాదని తీర్మానము చేయవలెను. నేర్చిన సభ్యులిద్దరికే అది చేతికి రావలెను. ఒక పుస్తకములో ఎవరి పెరటికి, ఏ చెట్టునకు, ఎన్ని గంటలకు పోయినది, గొలుసు ఎప్పుడు పదును పెట్టినది వ్రాయించవలెను. తుపానుల కాలము అక్టోబరు, నవంబరు గనుక, ఆగస్టు సభలోపల ఈ విషయము చర్చకు పెట్టుట కార్యదర్శులకు అనుకూలముగా నుండును.