పి.హెచ్. మీటరు క్రమాంకనం: నమ్మదగిన భూసార ఫలితానికి తొలి మెట్టు

రాయదుర్గం పరిసరాల్లో బహుళ అంతస్తుల భవనాల నడుమ నేటికీ మిగిలి ఉన్న గ్రానైట్ గుట్టల వంటి శిలలే తెలంగాణ చల్కా నేలలకు మాతృశిలలు. మెరక ప్రాంతాల్లో ఇవి శిథిలమై ఎర్ర చల్కాలు ఏర్పడగా, మురుగునీరు పోయే దారిలేని పల్లపు భూముల్లో సోడియం లవణాలు పేరుకొని కారు చౌడు నేలలు ఏర్పడతాయి. ఈ తేడాను తొలుత పట్టిచ్చే కొలత ఉదజని సూచిక. 2015లో ప్రారంభమైన సాయిల్ హెల్త్ కార్డు పథకంలో నమోదు చేసే 12 అంశాల్లో ఇది ఒకటి.

ఉదజని సూచిక 8.5 దాటి, వినిమయ సోడియం 15 శాతానికి మించిన నేలలకు జిప్సం సిఫారసు చేస్తారు. వాస్తవంగా 8.7 ఉన్న మట్టిని మీటరు 8.4గా చూపితే ఆ పొలం చౌడు నేలల జాబితాకే ఎక్కదు. ఇది సంవర్గమాన కొలమానం కనుక 0.3 తేడా అంటే ఉదజని అయాన్ల గాఢతలో రెట్టింపు తేడా అని గ్రహించాలి.

ఎలక్ట్రోడ్ సంసిద్ధత

ఎలక్ట్రోడ్‌ను 3 మోలార్ పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో నిల్వ ఉంచాలి. స్వేదన జలంలో ఉంచితే లోపలి లవణం బయటకు పోయి స్పందన మందగిస్తుంది. ఎండిపోయిన ఎలక్ట్రోడ్‌ను రాత్రంతా ఇదే ద్రావణంలో నానబెట్టాలి. గాజు బుడ్డిని గుడ్డతో రుద్దరాదు. మెత్తని కాగితంతో తడిని అద్ది తీయాలి.

క్రమాంకన విధానం

1. మీటరును ముందుగా ఆన్ చేసి, తయారీదారు సూచించిన సమయం వరకు స్థిరపడనివ్వాలి.
2. ఎలక్ట్రోడ్‌ను స్వేదన జలంతో కడిగి, 7.00 బఫరులో ముంచి, అంకె నిలకడగా ఉన్నాక సరిచేయాలి.
3. తిరిగి కడిగి రెండో బఫరులో ముంచాలి. ఆమ్ల నేలలకు 4.01, క్షార నేలలకు 9.18 బఫరు వాడాలి. నమూనా విలువ రెండు బఫర్ల మధ్య ఉండేలా చూసుకోవాలి.
4. వాడిన బఫరును తిరిగి సీసాలో పోయరాదు. 9.18 బఫరు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని త్వరగా చెడుతుంది.

వాలు పరిశీలన

25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక పి.హెచ్. ప్రమాణానికి సిద్ధాంతపరంగా 59.16 మిల్లీవోల్టుల మార్పు రావాలి. ఉదాహరణకు 7.00 బఫరులో +4, 9.18 బఫరులో -122 మిల్లీవోల్టులు వస్తే, తేడా 126ను 2.18తో భాగించగా 57.8 వస్తుంది, అంటే వాలు 97.7 శాతం. సాధారణంగా 95 నుండి 105 శాతం వరకు ఆమోదయోగ్యం. అన్ని బఫర్లలోనూ ఇంచుమించు ఒకే అంకె వస్తే గాజు బుడ్డి పగిలిందని అనుమానించాలి. 7.00 బఫరుతో మాత్రమే సరిచేస్తే ఈ లోపాలు బయటపడవు.

ఉష్ణోగ్రత ప్రభావం

ప్రయోగశాల 35 డిగ్రీలకు చేరితే వాలు 61.14 మిల్లీవోల్టులవుతుంది. 9.18 బఫరు విలువే 9.10కి తగ్గుతుంది. మీటరులోని ఉష్ణోగ్రతా సవరణ మొదటి మార్పును మాత్రమే సరిదిద్దుతుంది. బఫరును తానే గుర్తించే సదుపాయం లేని మీటర్లలో, సీసాపై ముద్రించిన పట్టిక చూసి ఆ ఉష్ణోగ్రతకు తగిన విలువను నమోదు చేయాలి.

మట్టి నమూనా కొలత

20 గ్రాముల జల్లించిన మట్టికి 50 మి.లీ. స్వేదన జలం చేర్చి, అరగంటసేపు మధ్యమధ్య కలుపుతూ ఉంచి, కొలిచే ముందు మరోసారి కలపాలి. నమూనాల వరుస మధ్యలో బఫరును ఒకసారి తిరిగి కొలిచి, తేడా కనిపిస్తే మళ్ళీ క్రమాంకనం చేసి, అంతకు ముందరి నమూనాలను కూడా తిరిగి కొలవాలి. తేదీ, ఉష్ణోగ్రత, వాలు శాతాలను రిజిస్టరులో రాసిపెడితే, ఎలక్ట్రోడ్ క్షీణత సిఫారసులు తప్పకముందే తెలిసిపోతుంది.