అననీయ అమ్మిన పొలము: ధనమును గూర్చిన కొన్ని అపోహలు

అవుటరు రింగు రోడ్డు వచ్చిన పిమ్మట మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములలో భూమి లెక్క ఎకరములనుండి గజములకు దిగినది. ఒకప్పుడు ద్రాక్షపందిళ్లకు పేరుపడిన నేలలో నేడు వెంచర్ల హద్దురాళ్లు వరుసలు దీరియున్నవి. ఈ క్రయవిక్రయములలో ఇచటి క్రైస్తవ కుటుంబములకును పాలుండుటచేత, ప్లాటు మంచి ధరకు పోయిన వార్త ఆదివారపు ఆరాధనలో సాక్ష్యముగా వినవచ్చుట వింత గాదు. దేవుడు దీవించిన మొత్తమొకటియు, దస్తావేజులో వ్రాసిన మొత్తము వేరొకటియు నగుటయే వింత.

ధనమే పాపమనియు, నిజమైన విశ్వాసి నిరుపేదగానే యుండవలెననియు కొందఱందురు. దీనికి దీర్ఘమైన సమాధానమక్కఱలేదు. ఊదారంగు సరకు వర్తకము చేసిన లూదియయు, యేసు దేహమునకు తన సమాధినిచ్చిన అరిమతయి యోసేపును కలవారే.

అయితే ఈ అపోహకు ఆధారముగా అననీయ సప్పీరాల కథను చూపువారు కలరు గనుక అచట కొంత నిలువవలసి యున్నది. పొలమమ్మి, వచ్చిన వెలలో కొంత దాచుకొని, తక్కినది అపొస్తలుల పాదములయొద్ద పెట్టి, అదియే సర్వమని నమ్మింపజూచిన ఆ దంపతులు ప్రాణములు విడిచిరి గావున, ఉన్నదంతయు సంఘమునకియ్యనివాని గతి యింతేయని బోధించువారు పేతురు మాటలను పూర్తిగా చదువలేదేమో. అమ్మకమునకు ముందు భూమియు, అటుపిమ్మట సొమ్మును వారి వశమందే యుండెనని ఆయన నిస్సందేహముగా అంగీకరించెను. మూడు గంటలు గడచి వచ్చిన భార్యను ఆయన ప్రశ్నించినది పొలమునకు వచ్చిన వెల నిజముగా అంతేనా యని మాత్రమే. ఆమె అవుననెను. ఆ దంపతుల నేరము వెల తక్కువగా చెప్పుట.

ఇందుండియే రెండవ అపోహ తేటపడును. దస్తావేజులో ధర తగ్గించి వ్రాయుట లోకరీతియే గాని పాపము గాదనియు, ప్రభుత్వము కట్టిన విలువను వ్రాసితిమి గదాయనియు మధ్యవర్తులు సమాధానపఱతురు. స్టాంపు సుంకము, బదలాయింపు సుంకము, రిజిస్ట్రేషను రుసుము కలిసి 2021 జూలై నుండి తెలంగాణములో నూటికి ఏడున్నర రూపాయలగుటచేత ఈ శోధన చిన్నది గాదు. కాని సుంకమును ప్రభావితము చేయు సంగతులన్నియు పత్రములో యథార్థముగా పేర్కొనవలెనని 1899 నాటి స్టాంపుల చట్టమే శాసించినది. 2015 జూన్ నుండి స్థిరాస్తి అమ్మకమునకు 20,000 రూపాయలను గాని అంతకు మించిన మొత్తమును గాని నగదుగా పుచ్చుకొనుటను ఆదాయపు పన్ను చట్టము నిషేధించినది. ఆ నిషేధము బయానాకును వర్తించును.

బైబిలు సహితము ఈ విషయమున మిక్కిలి లౌకికముగా, దాదాపు గుమాస్తావలె మాటలాడును. ఎఫ్రోను ఉచితముగానే యిత్తుననినను, అబ్రాహాము మక్పేలా పొలమునకు పూర్తి వెల యగు 400 తులముల వెండిని సాక్షుల యెదుట తూచి యిచ్చెను. పొలము, గుహ, హద్దులలోని చెట్లు సైతము ఆ అధ్యాయమున లెక్కింపబడినవి. యిర్మీయా అనాతోతులోని చేనిని 17 తులములకు కొని, ముద్రవేసిన క్రయపత్రమొకటి, ముద్రవేయని ప్రతి యొకటి సిద్ధపఱచి, రెంటిని మట్టికుండలో భద్రపఱపించెను. శామీర్‌పేట చేరువనున్న మూడుచింతలపల్లిలో 2020 అక్టోబరు 29న ప్రారంభమైన భూరికార్డుల పోర్టలగు ధరణికిని, 2025లో దాని స్థానమున వచ్చిన భూభారతికిని గల ప్రయోజనము ఆ కుండ ప్రయోజనమే.

మఱియొక అపోహకు రెండు ముఖములున్నవి. విశ్వసించి కానుక వేసినచో ఐశ్వర్యము నూఱంతలై తిరిగివచ్చునని లోపలివారిలో కొందఱు ప్రకటింతురు. బియ్యము కొఱకే మతము మారిరని వెలుపలివారు ఆక్షేపింతురు. విశ్వాసము బేరమనుటలో ఈ ఇరువురికిని చక్కని యేకాభిప్రాయము కలదు! ఒంగోలు చరిత్ర వేరొకటి చెప్పుచున్నది. 1876–78 నాటి మహాక్షామములో అచటి మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కొంత భాగమును కాంట్రాక్టుకు తీసుకొని ఆకలిగొన్నవారికి పనిచ్చెను గాని, సహాయము సాగినంత కాలము, అడిగినవారికి సైతము బాప్తిస్మమీయలేదు. సహాయము నిలిచిన పిమ్మటనే, 1878 జూలై 3న, గుండ్లకమ్మ తీరమున 2,222 మంది ఒక్కదినమున బాప్తిస్మము పొందిరి. క్షామబాధితులలో అందఱి మనస్సులను మనమెఱుగము గాని, ఆ నిరీక్షణను ఎరగా పేర్కొనుట న్యాయము గాదు.

అన్నిటికంటె గట్టిగా వేళ్లూనినది, దశమభాగము చెల్లించినచో తక్కిన తొమ్మిది భాగములు పవిత్రములగునను నమ్మకము. పుదీనా, సోపు, జీలకఱ్ఱలలో సైతము పదియవ వంతు తప్పక యిచ్చుచు న్యాయమును విడిచినవారిని యేసు తీవ్రముగా గద్దించెను. యూదా విసరివైచిన 30 వెండినాణెములను, వానిని స్వయముగా చెల్లించిన యాజకులే కానుకల పెట్టెలో వేయుటకు ఒప్పక కుమ్మరివాని పొలము కొనిరి. క్రీస్తును పట్టింపజూచినవారికుండిన ఆ మాత్రపు సంకోచము నేటి కొన్ని సంఘముల పద్దులలో కనబడకుండుట విచారకరము. జక్కయ్య ఆస్తిలో సగము బీదలకిచ్చినంతట తృప్తుడు గాలేదు. అన్యాయముగా పుచ్చుకొన్నదానిని, పోగొట్టుకొన్నవానికే, నాలుగంతలుగా మరల్తునని మాట యిచ్చెను.

కానుక వేయుటకును, తీసికొన్నదానిని తిరిగి యిచ్చుటకును గల ఈ భేదము మన మండలములలో అసైన్డు భూముల యెడ ప్రత్యక్షముగా తెలియును. నిరుపేదలకు ప్రభుత్వమిచ్చిన ఆ గుంటలను అమ్ముటయు కొనుటయు 1977 చట్టము నిషేధించినను, అవసరములో నున్నవానినుండి కారుచౌకగా తెల్లకాగితముపై వ్రాయించుకొనువారు లేకపోలేదు. అట్టి భూమిని కొన్నవానినుండి స్వాధీనపఱచుకొని, మొదట పొందిన పేదకు గాని వాని వారసులకు గాని తిరిగి అప్పగించు అధికారమును ఆ చట్టము కలెక్టరునకిచ్చినది. కొన్నవాడు లాభములో దశమభాగము చెల్లించెనా లేదా యని అందెచ్చటను అడుగలేదు.