అరచేతిలో గృహశోభ

మొన్న వేసవిలో పల్నాటిలో మూడిళ్ళకు వెళ్ళివచ్చాను. నరసరావుపేటలోనూ గురజాలలోనూ గృహప్రవేశాలు. మాచర్లలో మా పిన్నిగారింట్లో పాత ఇంటిని బాగుచేయించుకుని భోజనానికి పిలిచారు. ఊళ్ళు మూడు, ఇళ్ళు మూడు. హాలు మాత్రం ఒక్కటే! అదే బూడిదరంగు సోఫా, టీవీ వెనుక అవే చెక్క బద్దలు, జిప్సం కప్పు అంచున దాగిన అదే దీపాల వరుస. ఉండబట్టలేక, "ఈ నమూనా ఎక్కడిదమ్మా?" అని పిన్నిగారి కోడలిని అడిగాను. ఆమె నవ్వుతూ ఫోను తీసి ఒక బొమ్మ చూపింది.

"ఇది ఏ ఊరి ఇల్లు?"

"ఏమో బావగారూ, ఇన్‌స్టాగ్రామ్‌లో వచ్చింది."

ఇల్లు కట్టుకునేవారు పూర్వం పక్కింటిని చూసేవారు. లేదా మేస్త్రి మాట వినేవారు. ఇన్‌స్టాగ్రామ్, పింటరెస్ట్ రెండూ 2010లో మొదలయ్యాయి. 2016 నుంచి మన దేశంలో ఇంటర్నెట్ చవకైంది. 2020లో ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ వచ్చాయి. దానితో పక్కిల్లంటే ప్రపంచమంతా అయింది. ఒక వంటగదిని నాలుగు క్షణాలు నిలిచి చూస్తే చాలు, అటువంటివే మరి పది కళ్ళముందుకు వస్తాయి. పది చూసిన తరువాత, లోకమంతా ఇలాగే కట్టుకుంటున్నది కాబోలునని అనిపించక మానదు.

ఇందులో మేలు లేదనను. వంటగట్టు ఎంత ఎత్తుండాలో వెనుకటి రోజుల్లో ఇల్లాలిని ఎవరడిగారు గనుక? ఇప్పుడామె బొమ్మ చూపించి, "నాకిలా కావాలి" అని వడ్రంగితో ఖచ్చితంగా చెబుతున్నది.

చిక్కల్లా, ఆ బొమ్మలోని గది కెమెరా కోసం సర్దిన గది. ఇరుకు గది కూడా అందులో విశాలంగా కనపడుతుంది. బియ్యం బస్తా, ఆవకాయ జాడీ, తడి తువ్వాలు మాత్రం కనపడవు. గోడలేని వంటగది చూడముచ్చటగానే ఉంటుంది. పల్నాటి మిరపకాయతో తిరగమోత వేస్తే హాల్లోని చుట్టాలందరూ తుమ్మవలసిందే! రెంటచింతల ఎండల సంగతి రాష్ట్రమంతా ఎరుగును. అటువంటి చోట పడమటి గోడకు నిలువెత్తు అద్దం బిగించిన వారు, ఆ వెంటనే మందపాటి తెరలు కూడా కొనుక్కోవాలి.

మాచర్లలో పాత నాపరాళ్ళు పెకలించి పాలరంగు టైల్స్ పరిపించారు. చీటీ పాడిన డబ్బంతా వాటికే అయింది. పిన్నిగారు మాత్రం వసారాలోనే కూర్చున్నారు. అక్కడింకా రాళ్ళు మిగిలివున్నాయి.

"లోపలికి రాకూడదా?" అంటే, "ఆ నునుపుమీద తడి కనపడదు నాయనా. అడుగు వెయ్యాలంటే భయం" అన్నారు.

కోడలి మాటా వినాలి. "రాళ్ళ సందుల్లో మట్టి ఎంత ఊడ్చినా పోయేది కాదు బావగారూ. పదేళ్ళు నడుం విరిగేలా కడిగాను" అంది.

ఇద్దరి మాటా నిజమే. పాత రాళ్ళనే సమంగా తిరిగి పరచి, సందులు పూడ్చి, కాస్త నున్నబరచవచ్చని వాళ్ళకెవరూ చెప్పలేదు. ఏ రీల్‌లోనూ అది రాలేదు మరి!

ఆ రాయి తక్కువదా? ఇక్ష్వాకుల కాలంలో, క్రీ. శ. 3, 4 శతాబ్దాలలో, నాగార్జునకొండ శిల్పులు చెక్కింది ఈ ప్రాంతపు సున్నపురాతినే. ఇక పిడుగురాళ్ళ పేరు చెబితే సున్నమే గుర్తుకు వస్తుంది. రంగుల డబ్బాలు వచ్చాక సున్నం వేసిన గోడ లేమికి గుర్తయిపోయింది. చిత్రమేమంటే, ఈ మధ్య ఆ ఫోనే 'లైమ్‌వాష్' అని మచ్చల మచ్చల సున్నపు గోడలను కొత్త వేడుకగా చూపిస్తున్నది. గురజాలలో ఒక కుర్రవాడు, "హైదరాబాదులో ఇది ఎక్కడ దొరుకుతుందండీ?" అని నన్నడిగాడు. అతను నిత్యం బస్సులో పిడుగురాళ్ళ మీదుగానే ఉద్యోగానికి వెళ్ళివస్తాడు!

కాబట్టి బొమ్మ నచ్చినప్పుడు వడ్రంగిని పిలిచేముందు ఒక్క పూట ఆగండి. మే నెలలో ఆ గది ఎలా ఉంటుంది? రోజూ దాన్ని తుడిచేదెవరు? ఇంట్లో పెద్దవాళ్ళు రాత్రివేళ అందులో నడవగలరా? ఈ మూడింటికీ జవాబు దొరికితే నిశ్చింతగా కట్టుకోవచ్చు.

బయలుదేరుతూ, "ఆ రాళ్ళు పారేశారా అమ్మా?" అన్నాను.

"లేదు, పెరట్లో పేర్చి ఉంచాం."

నెల తిరక్కుండా ఆమె నా ఫోనుకు ఒక బొమ్మ పంపింది. అత్తగారి గది అది. మూలన నవారు మంచం, మంచం కింద మరచెంబు, దండెం మీద తువ్వాలు. నేలమీద నాపరాళ్ళు.