శీతల సంలీనం: వేడికి లెక్క చెప్పేదెవరు?

ముంబయి శివార్లలోని ట్రాంబేలో గల భాభా అణు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలకు 1989లో ఒక వింత లెక్క ఎదురైంది. భారజలం, పల్లాడియం లోహంతో జరిపిన ప్రయోగాలలో ట్రిటియం ఉత్పత్తి అయినట్లు వారు ప్రకటించారు. పాఠ్యపుస్తకాల ప్రకారం దానితో సమానంగా వెలువడవలసిన న్యూట్రాన్లు మాత్రం లక్షల రెట్లు తక్కువగా నమోదయ్యాయి.

ఆ ఏడాది మార్చి 23న అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో మార్టిన్ ఫ్లైష్‌మన్, స్టాన్లీ పాన్స్ చేసిన ప్రకటనే ఈ ప్రయోగాలకు ప్రేరణ. సూర్యగర్భంలో జరిగే తరహా కేంద్రక సంలీనాన్ని గది ఉష్ణోగ్రతలో, గాజుపాత్రలోనే సాధించామన్నది వారి వాదన. దానిని పునరావృతం చేయబోయి అనేక ప్రయోగశాలలు విఫలమయ్యాయి. ట్రాంబేలో అప్పటి డైరెక్టర్ పి.కె. అయ్యంగార్ ప్రోత్సాహంతో పలు బృందాలు పనిచేసినప్పటికీ, 1990ల తొలినాళ్లలో ఆ కృషి సన్నగిల్లింది.

అసలు చిక్కు సిద్ధాంతం వద్ద ఉంది. రెండు డ్యుటీరియం కేంద్రకాలు ధనావేశం కారణంగా పరస్పరం వికర్షించుకుంటాయి. ఎలాగో కలిసినా, దాదాపు సగం సందర్భాలలో న్యూట్రాన్, మిగతా సగంలో ట్రిటియం పుట్టాలి. 2.38 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణంతో హీలియం ఏర్పడటం అత్యంత అరుదు. చెప్పినంత వేడి నిజంగా సంలీనం వల్లనే పుట్టి ఉంటే, పక్కన నిలబడిన పరిశోధకులు వికిరణానికి బలైపోయి ఉండాలి కదా అన్నది సంశయవాదుల ఎత్తిపొడుపు.

ఆ శక్తిని లోహపు స్ఫటిక జాలకం మొత్తంగా గ్రహించి ఉండవచ్చని 1965 నోబెల్ గ్రహీత జూలియన్ ష్వింగర్ ప్రతిపాదించారు. తన పత్రాన్ని తిరస్కరించినందుకు ఆయన అమెరికన్ ఫిజికల్ సొసైటీకి రాజీనామా సైతం చేశారు. ఇదే బాటలో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు చెందిన పీటర్ హేగెల్‌స్టీన్ దశాబ్దాలుగా కృషి చేశారు. అయితే జాలక కంపనంలో ఒక్కో శక్తి తునక ఎలక్ట్రాన్ వోల్టులో కొద్ది వందో వంతులు మాత్రమే. 2.38 కోట్ల రూపాయలను ఒక్క క్షణంలో, ఎవరి కంటా పడకుండా, రెండు మూడు పైసల చిల్లరగా పంచిపెట్టడం వంటిదిది.

2006లో అలన్ విడమ్, లూయిస్ లార్సెన్ సంలీనాన్నే పక్కనపెట్టారు. లోహ ఉపరితలంపై బరువెక్కిన ఎలక్ట్రాన్లు ప్రోటాన్లతో కలిసి మందగతి న్యూట్రాన్లుగా మారతాయని, ఆవేశం లేని న్యూట్రాన్లకు వికర్షణ అడ్డు ఉండదని వారు వాదించారు. యోగేంద్ర శ్రీవాస్తవతో కలిసి వారు రాసిన వ్యాసాన్ని 2010లో భారతీయ పత్రిక 'ప్రమాణ' ప్రచురించింది. కానీ ఒక్కో న్యూట్రాన్‌కు 7.8 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి; రసాయన చర్యలలో లభించేది కొద్ది వోల్టులే. ఈ చర్య వేగం వారు చెప్పిన దానికంటే వందల రెట్లు తక్కువని 2012లో ఇటలీ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు.

ముడిచమురు అవసరాలలో 80 శాతానికి పైగా దిగుమతులపై ఆధారపడిన భారత్‌కు ఈ వివాదం కేవలం పండిత చర్చ కాదు. ఈ అంశంపై 2011లో చెన్నైలో అంతర్జాతీయ సదస్సు జరిగింది. 2015లో 'కరెంట్ సైన్స్' ప్రత్యేక వ్యాసాలు ప్రచురించింది. గూగుల్ నిధులతో సాగిన పరిశోధనలో శీతల సంలీనానికి ఆధారం లభించలేదని 2019లో 'నేచర్' పత్రిక వెల్లడించింది. అయినప్పటికీ 2023లో అమెరికా ఇంధన శాఖ విభాగమొకటి ఎనిమిది బృందాలకు కోటి డాలర్లు కేటాయించింది. ఈ అధ్యాయాన్ని కొనసాగించడమా, మూసివేయడమా అన్నది తేల్చడమే వాటికి అప్పగించిన పని.