హిప్నటైజ్ చేశారా, నమ్మించారా?

ఫలానావారి పెద్దమ్మను హిప్నటైజ్ చేసి మెడలో గొలుసు తీసుకుపోయారట. ఈ మాట తిరగని వీధి లేదిప్పుడు. వాట్సాప్‌కి చేరేసరికి దీనికి తోకలు మొలుస్తాయి: కళ్లలోకి చూస్తే చాలట, అడ్రసు కాగితం చేతిలో పెడితే చాలట, మనిషి తన నగలు తనే ఒలిచి ఇచ్చేస్తుందట. కింద ఏ దుప్పట్లు అమ్ముకునేవాడి ఫొటోనో, ‘వీడే, జాగ్రత్త’ అంటూ. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయన్న పుకారు నమ్మి తెలంగాణలో ముక్కూమొహం తెలియనివాళ్లను కొట్టి చంపారు. అది అప్పుడే మరిచిపోయాం.

అసలు జరిగేదేమిటో చూడండి. మిట్టమధ్యాహ్నం, సందులో జనం పలచబడ్డ వేళ. మఫ్టీలో ఒకడు ఆపుతాడు. ‘‘అమ్మా, పోలీసులం. ఇప్పుడే అవతలి వీధిలో చైన్ తెంపుకెళ్లారు. ఇంత బంగారం పెట్టుకుని ఒంటరిగా తిరుగుతారా?’’ అని మందలిస్తాడు. అంతలో దారినపోయేవాడిలా ఇంకొకడొస్తాడు. వాడినీ కసురుతాడు. వాడు ‘సరే సార్’ అంటూ ఉంగరం, గొలుసు తీసి కాగితంలో పొట్లం కట్టించుకుని జేబులో వేసుకుంటాడు. వాడూ ముఠావాడే. ఇక ఆవిడా తీస్తుంది. పొట్లం కట్టి, సంచిలో పెట్టి, జిప్పు వేసి మరీ సాగనంపుతారు. ఇంటికొచ్చి విప్పితే గులకరాళ్లు.

ఇందులో సమ్మోహన విద్య ఎక్కడుంది? ఖాకీ పేరు చెప్పిన గొంతు, భయం, తొందర, పక్కవాడు తీశాడు కాబట్టి మనమూ తీయడం. ఇవన్నీ పూర్తిగా మెలకువలో ఉన్న మనిషి మీదే పనిచేస్తాయి. కానీ ఇంట్లో అందరూ చుట్టూ చేరి ‘‘నీ బుర్ర ఏమైంది?’’ అని నిలదీస్తే ఆవిడేం చెబుతుంది? హిప్నటైజ్ అంటే పరువు దక్కుతుంది. పరువుతో పాటు దొంగకూ రక్షణ దక్కుతుంది. ఏం జరిగిందో గుర్తులేదన్న ఫిర్యాదుతో ఎవరిని పట్టుకోవాలి? పక్కింటావిడకు ఆ పొట్లం మోసం తెలిసేదెలా?

హిప్నటైజ్ చేయడమంటే కళ్లలోంచి ఏదో ప్రసరించడం కాదని తేలి 180 ఏళ్లు దాటింది. 1841లో మాంచెస్టర్‌లో జేమ్స్ బ్రెయిడ్ అనే సర్జన్ ఒక మెస్మరిజం ప్రదర్శనకు వెళ్లాడు. తర్వాత తనే ప్రయోగాలు చేసి, శక్తి ప్రదర్శకుడి చూపులో లేదు, ఎదుటి మనిషి ఏకాగ్రతలోనే ఉందని తేల్చాడు. ఇవాళ క్లినిక్‌లో చేసేదీ అదే: ముందు మాట్లాడి, ఒప్పించి, మనసు ఒకచోట నిలిచాక సూచనలివ్వడం. రోగి సహకరించకపోతే సైకాలజిస్టు చేయగలిగింది పెద్దగా లేదు. సహకరించినా అందరూ ఒకే తీరుగా స్పందించరు. అలాంటిది ఆటో హారన్ల మధ్య, బస్టాపులో, ఇష్టంలేని మనిషిని అర నిమిషంలో వశం చేసుకుంటారట! అంత విద్య చేతిలో ఉంటే రెండు తులాల గొలుసు కోసం ఎండలో ఎందుకు తిరుగుతారు?

మిగతా నమ్మకాలకు ఇంత చోటు అక్కర్లేదు. హిప్నాసిస్ నిద్ర కాదు. అందులో ఎవరూ చిక్కుబడిపోరు. పూర్వజన్మ గుర్తురాదు, గుర్తొచ్చినట్టనిపించేది అల్లిక. ఫీజు మాత్రం నిజం. స్టేజీ మీదికి తీసుకునేది కూడా సూచనలకు తేలిగ్గా లొంగేవారిని ఏరి మరీ.

ఒక్కటి ఒప్పుకోక తప్పదు. మత్తు బిస్కెట్ల కథ పుకారు కాదు. రైల్లో స్నేహంగా ఇచ్చిన టీలోనో బిస్కెట్‌లోనో మత్తుమందు కలిపి దోచుకోవడం జరుగుతూనే ఉంది. అపరిచితులిచ్చింది తినొద్దని రైల్వే చెప్పేదీ అందుకే. కాకపోతే అది మందు చేసే పని. అలా స్పృహ తప్పితే వెళ్లాల్సింది ముందు ఆస్పత్రికి, రక్తం, మూత్రం పరీక్షలకి. తాయెత్తు కట్టే బాబా దగ్గరికి కాదు.

ఇప్పుడు ఇదే నాటకం వీడియో కాల్‌లోకి వచ్చింది. యూనిఫాం వేసుకున్నవాడు డిజిటల్ అరెస్టు అంటూ గంటల తరబడి కెమెరా ముందు కూర్చోబెడతాడు. బాగా చదువుకున్నవాళ్లే లక్షలు పంపేశారు, తర్వాత వాళ్ల బంధువులదీ అదే పాట, ‘హిప్నటైజ్ చేశారండీ’. చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. 2024 అక్టోబరులో ప్రధాని మన్ కీ బాత్‌లోనూ ఆ మాటే చెప్పారు. కాల్ కట్ చేసి, ఇంట్లో ఇంకొకరికి ఫోన్ చేస్తే ఆ మాయ సగం వదులుతుంది.

డబ్బు పోయిందా, వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు ఖాతాలు మారిపోతుంది. నగ పోతే 112. పోగొట్టుకున్నావిడను ‘ఎలా ఇచ్చావు’ అని అడక్కండి. ‘మొదట ఏమన్నాడు, తర్వాత ఏమన్నాడు’ అని వరసగా అడిగి కాగితం మీద పెట్టండి. ‘హిప్నటైజ్ చేశారు’ అని రాసిస్తే ఎస్సైకి వెతకడానికి ఏమీ ఉండదు. ‘నల్ల బండి, వెనక కూర్చున్నవాడికి గళ్ల చొక్కా, గుడి వైపు వెళ్లారు’ అని రాసిస్తే సీసీ కెమెరాలో వెతుకుతాడు.