ఆసుపత్రిలో మీ బాధ డాక్టరుకు అర్థమయ్యేలా చెప్పండి

కువైట్‌లో పని చేస్తున్న మన తెలుగువారు జబ్బు పడినపుడు మాట దగ్గరే ఎక్కువగా చిక్కుకుంటున్నారు. డాక్టరు ఈజిప్టు వారో, కువైటీయో కావచ్చును. నర్సు కేరళ నుండో, ఫిలిప్పీన్స్ నుండో వచ్చి ఉంటుంది. మీరు కడప నుండో, గోదావరి జిల్లాల నుండో, నిజామాబాద్ నుండో వచ్చి ఉంటారు. మీ మధ్య నడిచేది వచ్చీరాని హిందీ, నాలుగైదు అరబ్బీ మాటలు. డాక్టరు మంచివారే అయినా, ఆయన విన్నది ఒకటి, మీరు చెప్పింది ఒకటి అయితే మందు కూడా తప్పుతుంది.

ముందుగా ఒక ముఖ్య విషయం. ఛాతీలో నొప్పి వస్తే మనలో చాలామంది "గ్యాస్ పట్టింది" అంటారు. సోడా తాగి పడుకుంటారు. క్లినిక్‌కు వెళ్ళినా అదే మాట చెబుతారు, గ్యాస్ మాత్రలు తీసుకుని క్యాంపుకు తిరిగి వస్తారు. ఛాతీ మీద బరువు పెట్టినట్టు ఉన్నా, నొప్పి ఎడమ చేతికో దవడకో వీపుకో పాకినా, చల్లని చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా అది గుండెపోటు కావచ్చును. వయసు ముప్పై అయినా సరే రావచ్చును. షుగర్ ఉన్నవారికి నొప్పి పెద్దగా తెలియకపోవచ్చు కూడా. అటువంటప్పుడు డ్యూటీ అయ్యేదాకా ఆగవద్దు. 112 కు ఫోన్ చేసి అంబులెన్స్ పిలవండి. డాక్టరు దగ్గర "గ్యాస్" అనే మాటే ఎత్తకుండా ఛాతీ మీద చేయి పెట్టి "సద్ర్" అనండి. అంటే ఛాతీ. "ఈసీజీ తీయండి" అని అడగటం తప్పు కాదు.

మన మాటలు కొన్నింటిని ఉన్నది ఉన్నట్టు హిందీలోకి మారిస్తే వేరే అర్థం వస్తుంది. "కళ్ళు తిరుగుతున్నాయి" అన్నామనుకోండి, మాటకు మాట మారిస్తే కంటి జబ్బు అనుకుంటారు. హిందీలో "చక్కర్" అనాలి. అరబ్బీలో దీన్ని "దోఖా" అంటారు. డాక్టరు నోట ఈ మాట వింటే ఎవరో మోసం చేశారని అనుకోకండి! "వేడి చేసింది" అనేది మరీ చిక్కు. మనకు దానర్థం మూత్రంలో మంట, నోట్లో పుండ్లు, సెగ్గడ్డలు. అరబ్బీలో "హరారా" అంటే వేడి, జ్వరం కూడా. ఆ మాట అంటే థర్మామీటర్ పెట్టి చూసి, జ్వరం లేదని పంపించేస్తారు. కాబట్టి ఎక్కడ మంటగా ఉందో, ఎన్ని రోజుల నుండి ఉందో చెప్పండి. సిగ్గు పడవద్దు. ఏమీ తోచకపోతే నొప్పి ఉన్న చోట వేలు పెట్టి "యఅవ్వర్ని" అనండి. ఇక్కడ నొప్పిగా ఉంది అని అర్థం.

తల ఊపే విషయం కూడా గమనించగలరు. మనం ఔను అనడానికి తల అటూ ఇటూ ఊపుతాం. ఇక్కడి వారికి అది "కాదు" అన్నట్టు కనిపిస్తుంది. ఏదైనా మందు పడదా అని అడిగినపుడు ఇలా జరిగితే ప్రమాదం. నోటితో "నఅమ్" లేదా "లా" అని చెప్పండి. ఇక్కడివారు గడ్డం పైకెత్తి నాలుకతో "చ్చ్" అంటే కాదు అని, మిమ్మల్ని విసుక్కున్నట్టు కాదు.

సూది వేయలేదని అలగవద్దు

ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గరకు వెళితే సూది వేస్తాడు, నీరసం అంటే సెలైన్ ఎక్కిస్తాడు. ఇక్కడ పనడాల్ ఇచ్చి నీళ్ళు తాగమంటారు. "కూలోళ్ళమని పట్టించుకోలేదు" అని చాలామంది బాధపడతారు. కొన్నిసార్లు అది నిజమూ కావచ్చు, అయితే వైరల్ జ్వరానికి సూది అవసరం లేదన్నది కూడా నిజం. మూడు రోజులకు తగ్గకపోతే మళ్ళీ వెళ్ళండి. ఒక జాగ్రత్త: పనడాల్, మీరు ఇంటి నుండి తెచ్చుకున్న డోలో, క్రోసిన్ అన్నీ పారాసిటమాల్ మందే. రెండూ కలిపి వేసుకోవద్దు. 500 మిల్లీగ్రాముల మాత్రలు రోజుకు 8 దాటితే కాలేయం పాడవుతుంది. కామెర్లకు పసరు తాగినా, ఇంటి నుండి వచ్చిన నాటు మందు పొడి వాడుతున్నా డాక్టరుకు దాచకుండా చెప్పండి. ట్రమడాల్, కోడీన్ ఉన్న దగ్గు మందు, నిద్ర మాత్రలు చీటీ లేకుండా ఈ దేశంలోకి తేవద్దు. ఊరివాళ్ళు ఇచ్చిన ప్యాకెట్ విప్పి చూడకుండా అసలు తేవద్దు.

ఎవరు మాట మార్చి చెబుతున్నారు?

కంపెనీ సూపర్‌వైజరో, ఇంటి మేడమో వెంట వచ్చి మీ తరపున మాట్లాడుతుంటారు. వారు సాయం చేస్తున్నా, పని మీద పడి దెబ్బ తగిలిందని మీరు చెబితే "రూములో జారిపడ్డాడు" అని చెప్పే అవకాశం కూడా ఉంది. దెబ్బ ఎక్కడ, ఎలా తగిలిందో రిపోర్టులో రాసింది తర్వాత నష్టపరిహారానికి ఆధారం అవుతుంది. అందువల్ల తెలుగు, హిందీ, అరబ్బీ తెలిసిన మీ మనిషికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టండి. ఏమి రాశారో చదివించుకోకుండా అరబ్బీ కాగితం మీద సంతకం చేయవద్దు. ఇళ్ళలో పని చేసే అక్కచెల్లెళ్ళు "అబీ డాక్టొరా" అని లేడీ డాక్టరును అడగవచ్చును. గర్భం ఉంటే ఎక్స్‌రేకు ముందే "హామిల్" అని తప్పక చెప్పాలి.

ఉపవాసం, తిండి

షుగర్ ఉన్న ముస్లిం సోదరులు రంజాన్‌కు కొన్ని వారాల ముందే మాత్రల, ఇన్సులిన్ వేళలు డాక్టరుతో మార్పించుకోవాలి. రోజా అని వారికి వారే మందు ఆపేయడం, లేక రెండు పూటల మందు ఒకేసారి వేసుకోవడం చాలా ప్రమాదం. ఇతర మతాల వారు కూడా ఆ నెలలో పగలు బహిరంగంగా తినడం, తాగడం ఇక్కడ నేరం. మాత్ర వేసుకోవాలంటే లోపలికి వెళ్ళి వేసుకోండి. వార్డులో చేరిన రోజే మాంసం తినరా, ఎద్దు మాంసం తినరా అన్నది నర్సుకు చెప్పండి. ఇష్టం లేదని పస్తు ఉండి షుగర్ మాత్ర మింగితే కళ్ళు తిరిగి పడిపోతారు.

చివరగా, ఒక చిన్న కాగితం మీద మీకు ఉన్న జబ్బులు, వాడే మందుల పేర్లు, పడని మందు, బ్లడ్ గ్రూపు, రూమ్మేట్ ఫోన్ నంబరు ఇంగ్లీషులో రాయించి బతాకాతో పాటే జేబులో పెట్టుకోండి. తెలివి తప్పిన మనిషిని అంబులెన్స్ వారు ముందు వెతికేది ఆ బతాకా కోసమే.