మనవాళ్ల గ్రూపులో పెట్టినా జరిమానా తప్పదు

జూన్‌ నెలాఖరున బడులు మూసేయగానే న్యూయార్క్‌లోని తెలుగు కుటుంబాలు ఇండియా ప్రయాణం కడతాయి. ఆగస్టు వచ్చేసరికి మన పిల్లలు చదువులకని న్యూయార్క్‌లో దిగుతారు. ఒకపక్క తాళం వేసిన ఇళ్లు, ఇంకోపక్క తల దాచుకునే చోటు వెతుక్కునే విద్యార్థులు. వీళ్లిద్దరినీ కలిపేవి ‘టెంపరరీ అకామడేషన్‌’ వాట్సాప్‌ గ్రూపులు. ఆ గ్రూపుల్లో ఏటా ఒక మాట తిరుగుతుంటుంది: ‘జరిమానాలన్నీ ఎయిర్‌బీఎన్‌బీలో పెట్టినవాళ్లకే. మనవాళ్ల మధ్య ఇచ్చి పుచ్చుకుంటే ఏ రూలూ లేదు.’

ఈ మాట పూర్తిగా తప్పు. దీన్ని నమ్మి మూడు వారాల అద్దెకు ఆశపడినవాళ్లు వచ్చినదానికి ఎన్నో రెట్లు కట్టాల్సి రావచ్చు, లీజుకే ఎసరు రావచ్చు. డిపాజిట్‌ ముందే పంపి, రెండు సూట్‌కేసులతో దిగిన పిల్లవాణ్ని బిల్డింగ్‌ సూపర్‌ లాబీలోనే ఆపేస్తే ఆ రాత్రి వాడు ఎక్కడికి పోవాలి? ఆ మెసేజ్‌ను ఫార్వర్డ్‌ చేసేవాళ్లు ఈ ఒక్క ప్రశ్న వేసుకోవాలి.

అపోహ ఎక్కడ పుట్టిందో తెలుసు. 30 రోజుల లోపు అద్దెలను కట్టడి చేసే ‘లోకల్‌ లా 18’ని నగరం 2023 సెప్టెంబరు 5 నుంచి అమలు చేయడం మొదలుపెట్టింది. దానికి ముందు నెలలోనే ఆ చట్టం మీద ఎయిర్‌బీఎన్‌బీ వేసిన దావాను కోర్టు కొట్టేసింది. ఆ సైటు నుంచి వేల ఇళ్లు తొలగిపోయాయి. వార్తలన్నీ ఆ కంపెనీ చుట్టూనే తిరగడంతో చట్టం కూడా ఆ కంపెనీ మీదే అనుకున్నారు. చట్టం పెట్టిన బాధ్యతలు రెండు. రిజిస్ట్రేషన్‌ సరిచూడకుండా బుకింగ్‌ తీసుకోకూడదన్నది సైట్లకు. రిజిస్టర్‌ చేయించుకోకుండా 30 రోజుల లోపు అద్దెకు ఇవ్వకూడదన్నది ఇల్లు ఇచ్చే మనిషికి. బేరం సైటులో కుదిరిందా, గుడిలో కుదిరిందా అన్నదానితో ఈ రెండో బాధ్యతకు పని లేదు. తప్పినవాళ్లకు 5,000 డాలర్లు, లేదా ఆ అద్దెల మీద వచ్చిన ఆదాయానికి 3 రెట్లు, రెండింటిలో ఏది తక్కువైతే అంతవరకు జరిమానా వేయవచ్చు.

పైగా నిషేధం 2023లో పుట్టిందేమీ కాదు. మూడు, అంతకు మించి కుటుంబాలు ఉండే నివాస భవనాల్లో ఫ్లాటును 30 రోజుల లోపు అద్దెకు ఇవ్వకూడదని రాష్ట్ర చట్టం ‘మల్టిపుల్‌ డ్వెల్లింగ్‌ లా’ను 2010లో సవరించారు. 2011 మే నుంచి అది అమల్లో ఉంది. 2016లో ఇంకో అడుగు వేసి, అలాంటి ఫ్లాటు అద్దెకు ఉందని ప్రకటించడమే నేరుగా జరిమానా పడే తప్పుగా చేశారు. మొదటిసారికి 1,000 డాలర్ల వరకు, రెండోసారికి 5,000, మూడోసారి నుంచి 7,500. ఇక్కడే వాట్సాప్‌ వాదం కూలిపోతుంది. ‘ప్రకటన’ అంటే ఏమిటో చెబుతూ ఆ చట్టం పత్రికలు, కరపత్రాలు, వెబ్‌సైట్లతోపాటు టెక్స్ట్‌ మెసేజ్‌లనూ పేరు పెట్టి చేర్చింది. అంటే ఎవరూ దిగకపోయినా, ఒక్క డాలరూ రాకపోయినా, గ్రూపులో ఫొటోలతో పెట్టిన ఆ మెసేజ్‌ ఒక్కటే జరిమానాకు చాలు.

‘బంధువులని చెబితే సరి’ అన్నది ఈ అపోహకు తోబుట్టువు. బంధువులు, స్నేహితులు ఉండకూడదని ఏ చట్టమూ అనలేదు. సెలవులకో వైద్యానికో మీరు ఊరెళ్లినప్పుడు ఇంకొకరు మీ ఇంట్లో అప్పుడప్పుడు ఉండవచ్చని ఆ రాష్ట్ర చట్టంలోనే రాసి ఉంది. షరతు ఒక్కటే: వాళ్ల దగ్గర డబ్బు తీసుకోకూడదు. అక్కచెల్లెలి కొడుకును ఉచితంగా ఉండమనండి, ఎవరూ అడగరు. అతని దగ్గర వారానికి ఇంతని పుచ్చుకుంటే మాత్రం చుట్టరికం మిమ్మల్ని కాపాడదు.

‘ఎవరికి తెలుస్తుంది?’ అంటారు. ఎదురింటివాళ్లకు తెలుస్తుంది. లిఫ్టులో వారానికో కొత్త ముఖం, పెట్టెల చప్పుడు. వాళ్లు నగర ఫిర్యాదుల నంబరు 311కు ఫోన్‌ చేస్తారు. అలాంటి ఫిర్యాదుల మీద విచారణకు వచ్చేది మేయర్‌ కింద పనిచేసే ప్రత్యేక అమలు విభాగం.

145 డాలర్లు కట్టి రిజిస్టర్‌ చేయించుకుంటే ఇల్లంతా ఇచ్చి ఊరెళ్లవచ్చనుకోవడమూ పొరపాటే. అతిథి ఉన్నన్ని రోజులూ మీరూ ఆ ఇంట్లోనే ఉండాలి. ఇద్దరికి మించి అతిథులు ఉండకూడదు. వాళ్లు అన్ని గదుల్లోకీ వెళ్లగలిగేలా ఉండాలి, లోపలి తలుపులకు తాళాలు పనికిరావు. ఓనరు తన భవనాన్ని నిషేధిత జాబితాలో చేర్పించి ఉంటే, లేదా మీది అద్దె నియంత్రణ ఉన్న ఫ్లాటు అయితే రిజిస్ట్రేషనే రాదు.

మిగతా నమ్మకాలు అంత లోతైనవి కావు. కాగితం మీద 30 రోజులని రాసి పది రోజులకు పంపేయడం చెల్లదు, చూసేది మనిషి ఎన్నాళ్లు ఉన్నాడన్నదే. దిగిన విద్యార్థికీ జరిమానా పడుతుందన్నదీ తప్పే, పడేది ఇచ్చినవాళ్లకే. నది దాటి జెర్సీ సిటీకి వెళితే రూల్స్‌ ఉండవన్నది అబద్ధం. 2019 నవంబరులో అక్కడి జనమే ఓటేసి కట్టడి తెచ్చుకున్నారు. అక్కడ అద్దెకున్నవాళ్లు ఇలా ఇవ్వనేకూడదు. ఓనరు ఇంట్లో లేనప్పుడు ఇవ్వగలిగింది ఏడాదికి 60 రాత్రులే.

‘ఇదంతా హోటళ్ల కోసం చేసిన చట్టం’ అనే మాటను మాత్రం కొట్టిపారేయలేను. హోటళ్ల యజమానులు, హోటల్‌ కార్మిక సంఘం న్యూయార్క్‌ లోకల్‌ లా 18ని బలపరిచిన మాట నిజం. ఆ తర్వాత హోటల్‌ గదుల ధరలు పెరిగాయి. ఇళ్ల అద్దెలు దిగివస్తాయని చెప్పారు, దిగిరాలేదు. క్వీన్స్‌లో రెండు వాటాల ఇల్లు కొనుక్కుని, ఒక వాటా అప్పుడప్పుడు ఇచ్చి లోన్‌ కట్టుకుందామనుకున్న కుటుంబాల గోడు న్యాయమైనదే. అలాంటివాళ్లకు సడలింపు ఇవ్వాలని 2024లో నగర కౌన్సిల్‌లో బిల్లు కూడా పెట్టారు. కానీ చట్టంలో లోపం ఉండటం వేరు, చట్టమే లేదని నమ్మించడం వేరు. మొదటిది కౌన్సిల్‌ సభ్యుడికి రాయాల్సిన ఉత్తరం. రెండోది సాటివాడి జేబుకు పెట్టే చిల్లు.

ఇల్లు ఖాళీగా ఉంచి రెండు చోట్లా ఖర్చు భరించడం కష్టమే. దానికి దారి ఉంది. నెలకు మించి వెళ్తున్నారా? 30 రోజులు, అంతకు మించి ఒకే మనిషికి సబ్‌లెట్‌ చేయండి. నాలుగు, అంతకు మించి ఇళ్లున్న భవనంలో మామూలు అద్దెదారు సబ్‌లెట్‌కు అనుమతి అడిగితే, సరైన కారణం లేకుండా ఓనరు కాదనకూడదని రాష్ట్ర చట్టం చెబుతోంది. చట్టం కోరిన వివరాలన్నీ పెట్టి సర్టిఫైడ్‌ మెయిల్‌లో ఉత్తరం పంపాలి. పంపిన 30 రోజుల్లో ఓనరు జవాబివ్వకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. ఒక జాగ్రత్త: 30 రోజులు దాటి ఉన్న మనిషిని కోర్టుకెళ్లకుండా బయటికి పంపలేరు. అందుకే ఎవరికి ఇస్తున్నారో బాగా విచారించుకోండి.

వచ్చే పిల్లల తల్లిదండ్రులకూ ఒక మాట. ‘మూడు వారాలకు ఫ్లాటంతా మీదే, మేం ఊళ్లో ఉండం’ అని న్యూయార్క్‌ నుంచి ఎవరైనా అంటే, చెప్పేది ఎంత కావలసినవారైనా డబ్బు పంపకండి. గది ఒక్కటే ఇస్తామంటే రిజిస్ట్రేషన్‌ నంబరు అడగండి. జూన్‌ చివర్లో ప్రయాణం ఉన్నవాళ్లు గ్రూపులో మెసేజ్‌ పెట్టే ముందు, ఏప్రిల్‌లోనే ఓనరుకు ఆ ఉత్తరం పంపండి.